లావు టైర్లు, మా ఆయన చేతులు

నేను పుట్టుకతో పిరికిదాన్ని కాను. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే కింద రాసేదంతా చదివితే ఎవరైనా పిరికిదనే అనుకుంటారు. పాము కనబడితే అరవకుండా కర్ర వెతికే మనిషిని. అత్త ఒకటంటే రెండనే కోడలిని. అలాంటి నన్ను ఒక్క చెరకు సీజను పిరికిదాన్ని చేసి కూర్చోబెట్టింది. ఆ సీజనంతా నా ఒళ్లు ఇంట్లో, చెవులు రోడ్డు మీద.

మా ఇల్లు చందూరు నుంచి బోధన్‌కు పోయే దారి పక్కనే ఉండేది. లారీలు ఎడ్లబండ్లను మెల్లమెల్లగా పక్కకు నెడుతున్న కాలం అది. చెరకు కొంత బండ్ల మీద, కొంత లారీల మీద బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయేది. మా ఆయన మా ఊరి పటేలు లారీ నడిపేవాడు. నేను గడప ముందు చాప పరుచుకొని, ఒళ్లో చేట పెట్టుకొని బీడీలు చుట్టేదాన్ని. అక్కడ కూర్చుంటే కాలువ మలుపు మొత్తం కళ్ల ముందే ఉండేది.

ఆ మలుపు సంగతి చెప్పాలి. పొలాల వైపు నుంచి దారి తిన్నగా వచ్చి కాలువ గట్టు ఎక్కుతుంది. ఎక్కగానే వంతెన. వంతెన దాటుతూనే గట్టు దిగుతూ ఎడమకు తిరగాలి. ఒక పక్క నిండా పారే కాలువ, ఇంకో పక్క మనిషి లోతున వరి మడి. ఖాళీ లారీకి అది లెక్కలోకి వచ్చే మలుపు కాదు. చెరకు లారీ అలా కాదు. బాడీ పలకల అంచు దాకా చెరకు పేరుస్తారు, ఆపైన అటూ ఇటూ బయటికి పొడుచుకొచ్చేలా ఇంకా పేరుస్తారు, మోకులతో బిగిస్తారు. నాందేడ్ వైపు నుంచి సీజనుకు వచ్చే చెరకు కొట్టే కూలీలు, మొగుళ్లూ పెళ్లాలూ, ఆ మోపు మీదకెక్కి కూర్చొని వచ్చేవాళ్లు. వాళ్ల గుడిసెలు మలుపు దాటాక మా ఊరి చివర ఉండేవి. అక్కడ దిగి, రొట్టెలు కాల్చుకొని, పొద్దున మళ్లీ పొలాలకు పోయేవాళ్లు.

ఆ ఏడు సీజనుకు ముందు లారీ టైర్లు అరిగిపోయాయి. పటేలు నిజామాబాద్ పోయి, అక్కడ పాత లారీలు విప్పి అమ్మే ఒకాయన దగ్గర టైర్లు పట్టుకొచ్చాడు. ఏదో బొంబాయి లారీవట. పెద్దగా అరగలేదు. పాతవాటి కంటే కంటికి తెలిసేంత లావున్నాయి. పటేలుకు కావలసింది కూడా అదే.

"లావు టైరైతే బరువు మంచిగ మోస్తది. పోయిన ఏడు చెరకు ఎక్కువేస్తే బండి కూలవడ్డది. ఈసారి సూడుండ్రి" అన్నాడు.

ఊరంతా సరేనంది. మా ఆయన అందరి కంటే ముందు సరేనన్నాడు. టైర్లు ఎక్కించిన రోజు కొత్త కోడలిని చూసినట్టు లారీ చుట్టూ తిరిగాడు. నన్ను పిలిచి, "సూడు, ఎట్ల కూసున్నదో బండి" అని చూపించాడు. కొబ్బరికాయ కొట్టి, టైర్లకు బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి బయలుదేరదీశారు. నాకూ లారీ అందంగానే కనిపించింది.

మొదటి మోపు తెచ్చిన సాయంత్రమే ఆయన ముఖం మారింది. ఇంటి ముందు లారీ ఆపి, దిగి, ముందు చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. వచ్చి చెంబెడు నీళ్లు తాగాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం కాలే. బండి జర ఊగుతున్నది. కొత్త టైర్లు గద, పదును వడతయి."

పదును పడలేదు. రోజులు గడిచేకొద్దీ ఆ ఊగుడు నాకే దూరం నుంచి కనబడసాగింది. గట్టు దిగి ఎడమకు తిరిగేటప్పుడు లారీ కుడికి ఒరిగేది. ఒరగడం ఏ లారీ అయినా ఒరుగుతుంది. ఇది ఒరిగి, అక్కడే కాసేపు ఆగి, తీరిగ్గా వెనక్కి వచ్చి, అంతటితో ఊరుకోకుండా ఎడమకు ఒరిగేది. ఆయన స్టీరింగు ఇటు తిప్పితే బండి కాసేపాగి వినేదట. వినేసరికి ఆయన మళ్లీ అటు తిప్పాల్సి వచ్చేది. ఆ మలుపులో లారీ ఉన్నంతసేపూ నా చేతిలో బీడీ అలాగే ఉండేది. నా గుండె ఆ మోపుకే కట్టినట్టు దానితో పాటు ఒరిగేది. ఆ రోజుల్లో నేను చుట్టిన బీడీల్లో సగం వంకరవే. బీడీ కార్ఖానావాళ్లు తీసి అవతల పడేసేవాళ్లు.

ఆయన ఇంటికొచ్చి మాట్లాడటం తగ్గించాడు. అన్నం ముందు కూర్చొని చేతులు ముందుకు చాపి చూసుకునేవాడు. అరచేతులు, మళ్లీ వెనక్కి తిప్పి వేళ్లు. నేను చూస్తున్నానని తెలిస్తే కడుక్కోవడానికన్నట్టు లేచిపోయేవాడు. ఎందుకు చూసుకుంటున్నాడో నాకు తెలుసు. మా అత్తకూ తెలుసు. ముగ్గురికీ తెలిసిన సంగతి ముగ్గురమూ నోరు తెరిచి అనకుండా ఎన్నాళ్లుంటాం? చివరికి అత్తే అన్నది, పొయ్యి ముందు, నాతో ఒక్కదానితో.

"మీ మామకు గిట్లనే షురువైంది. బండి తోల్తుంటే పగ్గం ఎడమకు గుంజుతున్నదని ఎద్దును తిట్టిండు. ఎద్దును మార్సిండు. ఎద్దుది కాదు బిడ్డా, చేతిది."

నేను కాపురానికి వచ్చేనాటికి మా మామ గ్లాసు పట్టుకోలేడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని కూర్చునేవాడు, అవి వాటంతటవే వణుకుతూ ఉండేవి. అత్త అన్నం కలిపి ముద్దలు పెట్టేది. అంత పెద్ద మనిషి నోరు తెరిచి, కోడలి ముందు సిగ్గుతో కళ్లు మూసుకొని తినేవాడు. ఆయన పోయింది అలాగే. మా ఆయనకు చేతులు పోతే పోయేది డ్రైవరు పని ఒక్కటే కాదు. మా ఆయన మిగలడు. ఆ మనిషికి చేతులతో పనిచేయడం తప్ప ఇంకేదీ రాదు, ఇంకేదీ ఇష్టం లేదు. అందుకే ఆ ఏడు నాకు నిద్రలో కూడా ఒక్కటే ఆలోచన. ఊగుతున్నది బండా, చెయ్యా?

ఆయనకు తెలియకుండా పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాను. చాయ సాసరులో అంచు దాకా పోసి ఇచ్చి, ఒలుకుతుందేమో చూసేదాన్ని. కొన్నిసార్లు ఒలికేది. అంచు దాకా పోస్తే నా చేతిలో అయినా ఒలుకుతుందన్న ఆలోచన నాకు రాలేదు. ఒకనాడు సూదీ దారమూ ఇచ్చాను.

"నా కండ్లు గుంజుతున్నయి. జర ఎక్కించియ్యి" అన్నాను.

ఆయన సూది తీసుకున్నాడు. వెలుగుకు పట్టాడు. దారం కొస తడిచేశాడు. అంతలో నా ముఖంలో ఏం కనబడిందో ఏమో, ఆగిపోయాడు.

"పరీక్ష వెడుతున్నవా నన్ను?"

"ఏం పరీక్ష? కుట్టుకుందామని."

"నీ కండ్లు గద్దకండ్లు. నాకు తెల్వదా?" అన్నాడు. సూదిని దారంతో సహా చేటలో పెట్టి లేచి పోయాడు. ఎక్కించనే లేదు. ఎక్కించలేకపోయాడా, ఎక్కించదలచుకోలేదా అని వారం రోజులు నా ప్రాణం తిన్నది ఆ సూది. నా తెలివితక్కువతనానికి నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంకోవైపు బండికి చేయాల్సినవన్నీ చేశారు. గాలి తక్కువైందేమోనని గట్టిగా కొట్టించారు. అప్పుడు ఊగుడు కొంచెం తగ్గింది గానీ, పొద్దుటి మంచుకు తడిసిన రోడ్డు మీద బండి సబ్బు మీద కాలేసినట్టు జారింది. సరే గాలి ఎక్కువైందని తీయించారు. ఊగుడు రెండింతలైంది. మోకులు ఇంకా బిగించారు. నేను అమావాస్యనాడు దిష్టి తీశాను, అత్త ముందు చక్రానికి నల్లదారం కట్టింది. పటేలు బండి చుట్టూ తిరిగి, కొత్త టైర్లను చేత్తో తట్టి, "బండికేం రోగం? శేరు లెక్క ఉన్నది" అన్నాడు. శేరంటే పులి. బండికి రోగం లేదంటే రోగం ఎవరికో చెప్పకనే చెప్పినట్టయింది. మా ఆయన తల వంచుకున్నాడు. ఆ తల వంచడం చూసి నాకు పటేలు మీద పుట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

తర్వాత కూలీలు దిగడం మొదలైంది.

ఒక సాయంత్రం లారీ గట్టు ఎక్కకముందే ఆగింది. బండి పాడైందేమోనని లేచి నిలబడ్డాను. మోపు మీది నుంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే మోకు పట్టుకొని దిగుతున్నారు. దిగి, కొడవళ్లు చంకన పెట్టుకొని, వంతెన మీదుగా నడిచి వచ్చారు. వాళ్ల వెనక లారీ, మోపు మీద మనుషులు లేకుండా, నత్తలా, ఊగుతూ దిగింది. వాళ్లు గట్టు కింద నిలబడి అది దిగేదాకా చూశారు. ఆ రోజు నుంచి రోజూ అంతే. గట్టు దగ్గరికి రాగానే పైనుంచి ఒకరు క్యాబిన్ మీద కొట్టేవాళ్లు. "దాదా, గాడీ థాంబవా." అన్నా, బండి ఆపు అని. అన్నా అనే అనేవాళ్లు, మర్యాదగానే అనేవాళ్లు. ఒక మాట తూలింది లేదు. దిగి నడిచేవాళ్లు. వాళ్లు తిట్టినా బాగుండేది.

"వాళ్లకేం భయమో, పిల్లలుండిరి గద" అని ఆయనే చెప్పాడు ఆ పూట, నేను అడగకుండానే. అన్నం ముద్ద కలిపి అలాగే పెట్టి లేచాడు.

మీరు అడగొచ్చు, ఇంకో డ్రైవరు ఒక్కసారి ఆ లారీ నడిపి చూస్తే తేలిపోయేది కదా అని. నిజమే, పూట పని కూడా కాదు. పటేలుకే ఇంకో లారీ ఉండేది. దాన్ని బోధన్ నుంచి వచ్చి మా ఊళ్లో ఉంటున్న ఒక ముస్లిం ఆయన నడిపేవాడు. మేమంతా భాయి అనేవాళ్లం. మా ఆయనకు ప్రాణ స్నేహితుడు. కానీ మా వైపు చెరకు డ్రైవర్లలో ఒక పట్టింపు ఉండేది. సీజను మొదటి మోపుకు కొబ్బరికాయ కొట్టి స్టీరింగుకు దారం కట్టిన డ్రైవరే ఆఖరి మోపు దాకా నడపాలి. మధ్యలో ఇంకొకరి చెయ్యి పడితే బండికి కీడు, చెయ్యి వేసినవాడికీ కీడు. జ్వరమొస్తే బండి ఆగేది గానీ చెయ్యి మారేది కాదు. హిందువులూ ముస్లింలూ అందరూ పాటించేవాళ్లు. భాయి నమాజు తప్పినా ఈ పట్టింపు తప్పేవాడు కాదు.

ఆ పట్టింపు మీద నాకు మంట. "ఏం కీడు? ఇంతకన్న ఏమైతది? భాయిని ఒక్కసారి మలుపు దించుమను" అన్నాను ఒకరోజు, గట్టిగానే.

ఆయన గోడకు చేరగిలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"భాయి దించినప్పుడు బండి ఊగకపోతే?"

ఇన్నాళ్లూ ఆయన పట్టింపును పట్టుకొని వేలాడుతున్నాడంటే చాదస్తమనుకున్నాను. ఆ పట్టింపు ఉన్నంతవరకు సంగతి తేలదు, తేలనంతవరకు ఆశ ఉంటుంది. ఆయనకు కావలసింది అదే. నాకేమో తేలాలి. తేలకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఒకే భయం ఇద్దరికీ, ఒకరిని ఇటు లాగింది, ఒకరిని అటు లాగింది. ఆ వారమంతా మేమిద్దరం ఉప్పు ఎక్కువైందని, చెప్పులు ఎక్కడ పెట్టావని, పనికిరాని వాటికల్లా కొట్లాడుకున్నాం.

లారీ ఖాళీగా ఉన్నప్పుడు మా ఇంటి ముందే ఆపేవాడు. పొద్దున అది పోయాక ఆ జాగా ఊడ్చేదాన్ని. కొన్నాళ్లుగా చీపురుకు నల్లటి పొడి అంటుతున్నది. మొదట బొగ్గు పొడి అనుకున్నాను. వేళ్లతో నలిపితే సాగింది. రబ్బరు. అదీ వెనక చక్రాలు నిలిచే చోటే. లారీకి వెనక ఒక్కో పక్క రెండేసి టైర్లు జంటగా ఉంటాయి కదా, సరిగ్గా ఆ జంట మధ్యన రాలినట్టు గీతలా పడి ఉండేది. ఇంకో పూట లారీ ఉండగానే వంగి చూశాను. ఆ రెండు టైర్ల మధ్య చెయ్యి పట్టలేదు. పాత టైర్లప్పుడు మా పిల్లి అందులోంచి దూరి పోయేది. పైన చూస్తే టైరు నడిమిట్లో గాట్లు అరిగి నున్నగా ఉంది, అంచుల దగ్గర మాత్రం గాట్లు కొత్తగానే ఉన్నాయి.

బుర్రలో ఏదో కదిలింది గానీ పేరు పెట్టలేకపోయాను. నీళ్లకు పోయినప్పుడు తట్టింది. చిన్న కుదురు మీద పెద్ద బిందె పెట్టుకుంటే ఎలా ఉంటుంది? కింద ఇరుకు, పైన లావు. నడుస్తుంటే అది నెత్తి మీద నిలవదు. ఒరుగుతుంది, పట్టుకుంటే అటు ఒరుగుతుంది. తప్పు మెడది కాదు.

ఇంటికి పరుగెత్తుకొచ్చి ఆయనతో చెప్పాను. రబ్బరు పొడీ, బిందే, కుదురూ, అన్నీ కలిపి, ఊపిరి తీసుకోకుండా. ఆయన విని చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"ఓహో. లారీ నెత్తి మీద బిందె అయిందన్నమాట. రేపటిసంది బావికాడ ఆడోళ్లందరికి లైసెన్సులిప్పిస్త."

"నువ్వు నవ్వు. నవ్వి భాయికి చెప్పు" అన్నాను. నవ్వినందుకు కోపమూ వచ్చింది, నవ్వాడు కదా అని కడుపూ నిండింది.

భాయి నవ్వలేదు. కొద్దిసేపు గడ్డం గోక్కున్నాడు. "అక్కా, గా బొంబాయి లారీల డిస్కులు సూసిన్నేను. మనయి కన్న ఎడల్పుంటయి" అన్నాడు. డిస్కంటే టైరు ఎక్కే ఇనుప చక్రం. టైర్లు తెచ్చారు గానీ, ఆ టైర్లకు తగిన డిస్కులు తేలేదు. పాత ఇరుకు డిస్కులకే లావు టైర్లు ఎక్కించారు.

ఇద్దరూ పటేలు కొట్టం నుంచి పాత టైరొకటి దొర్లించుకొచ్చారు. మా ఇంటి ముందు పక్కపక్కన పెట్టి బీడీ దారంతో కొలిచారు. అప్పుడు నాకూ అర్థమైంది. టైరుకు రెండు పాదాలుంటాయి, అంటే లోపలి అంచులు, అవి డిస్కు మీద అటొకటి ఇటొకటి కూర్చోవాలి. డిస్కు ఇరుకైతే పాదాలు దగ్గరికి ముడుచుకుంటాయి, పక్కలు పొట్టలా ఉబ్బుతాయి, పైభాగం గుండ్రంగా లేస్తుంది. నేలకు నడిమి భాగమే తగులుతుంది. బరువు పడి మలుపు తిరిగితే ఆ పొట్ట ముందు ఒరుగుతుంది, ఆ తర్వాతే చక్రం తిరిగినట్టు తెలుస్తుంది. వెనక జంట టైర్లలో పొట్టా పొట్టా ఒరుసుకుంటాయి. గాలి ఎక్కువ కొడితే నడిమి భాగం ఇంకా లేస్తుంది, అందుకే జారింది. తక్కువ కొడితే పొట్ట ఇంకా మెత్తబడుతుంది, అందుకే ఊగింది.

నా ప్రాణం లేచి వచ్చింది. ఆయన ముఖం చూశాను. అందులో ఏమీ లేదు.

"టైరు తప్పు ఉన్నది. సరే. నా చేతుల తప్పు లేదని ఎట్ల?" అన్నాడు. "రెండూ ఉండొచ్చు గద."

అది మహా అన్యాయమైన మాట, ఎందుకంటే నిజమైన మాట.

పటేలు విన్నాడు గానీ సీజను నడుమ బండి ఆపడానికి ఒప్పుకోలేదు. "అయిపోనియ్యుండ్రి, సూద్దాం" అన్నాడు. రెండు మూడు రోజులకే, మధ్యాహ్నం, ఫ్యాక్టరీ నుంచి ఖాళీగా వస్తూ మా ఇంటికి కూతవేటు దూరంలో బండి టైరు పేలింది. నిజంగా తుపాకీ పేలినట్టే. నేను చేట విసిరి పరుగెత్తాను. ఆయన క్షేమంగా దిగుతున్నాడు. వెనక జంటలో లోపలిది పగిలింది. విప్పి చూస్తే జంట టైర్ల లోపలి పక్కలు రెండూ ఒరుసుకొని ఒరుసుకొని, రబ్బరు పోయి దారాలు తేలాయి. అది మోపుతో మలుపులో పగిలి ఉంటే అన్న మాట ఎవరూ అనలేదు. పటేలు ఆ దారాలను వేలితో తడిమి, ఆ సాయంత్రమే నిజామాబాద్ బయలుదేరాడు. ఈసారి డిస్కొకటి వెంట పట్టుకుపోయి, దానికి సరిపోయే టైర్లు తెచ్చాడు. మా ఆయనతో మాత్రం ఏమీ అనలేదు. పెద్దమనుషులకు ఆ మాటలు రావు.

సరైన టైర్లతో మొదటి మోపు వచ్చే రోజు నేను బీడీలు ముట్టుకోలేదు. గడపలో నిలబడి ఉన్నాను. అత్త నా వెనక కూర్చుంది. పొద్దు వాలకముందే లారీ కనిపించింది. గట్టు అవతల కిందే ఆగింది. కూలీలు దిగారు. దిగుతారని తెలుసు, వాళ్లకు టైర్ల సంగతేం తెలుసు? వాళ్లు నడిచి వంతెన దాటారు. లారీ కదల్లేదు. చూస్తూ ఉన్నాను. కదల్లేదు. కాసేపటికి క్యాబిన్ తలుపు తెరుచుకొని ఆయన దిగాడు. దిగి కాలువ ఒడ్డున కూర్చున్నాడు.

నేను అత్తతో ఏం చెప్పానో గుర్తులేదు. గట్టు కింద నిలబడ్డ కూలీలను దాటి వంతెన అవతలికి పరుగెత్తాను. వెనకే వచ్చిన తన లారీని ఆపి భాయి ఆయన పక్కన నిలబడి ఉన్నాడు.

"నువ్వు తీస్కపో భాయి. దారం తెంపేస్త" అంటున్నాడు ఆయన. పట్టింపును తనే వదిలేశాడు. దాన్ని పట్టుకొని వేలాడిన మనిషి.

భాయి నా వైపు చూశాడు.

"ఎందుకు దిగినవ్?" అన్నాను.

"ఇప్పుడు బండికి ఏ సాకూ లేదు" అన్నాడు. నీళ్ల వైపే చూస్తున్నాడు. "ఇప్పుడు గిట్ల ఊగిందనుకో, ఇగ నాదే. నాకు తెలుసుకోవాల్నని లేదే."

తెలుసుకోకపోతే పిచ్చెక్కుతుందని ఇన్నాళ్లూ ఎగిరిన దాన్ని నేను. ఆ క్షణాన నాకూ తెలుసుకోవాలని లేదు. ఇంటికి పోదాం పద, బీడీలు చుట్టుకొని బతుకుదాం అని నోటి దాకా వచ్చింది. కానీ ఒళ్లో చేతులు పెట్టుకొని కళ్లు మూసుకున్న మా మామ కళ్లకు కట్టాడు. ఈయన అప్పుడే ఒళ్లో చేతులు పెట్టుకొని కూర్చున్నాడు.

చీర కొంగు నడుముకు దోపి, కూలీ ఆడవాళ్లు దిగిన మోకు పట్టుకున్నాను. ఇంటి ఆడది చెరకు లారీ ఎక్కడం మా ఊళ్లో లేదు. అవతల గడపలో అత్త, గట్టు కింద కూలీలు, అందరూ చూస్తున్నారు. చెరకు ఆకులు మోచేతులు కోశాయి. భాయి "అక్కా, వద్దు" అన్నాడు. ఎక్కి నడిమధ్యన కూర్చున్నాను. పైనుంచి చూస్తే కాలువ చాలా లోతుగా కనిపించింది.

"ఏం జేస్తున్నవే? దిగు" అన్నాడాయన, లేచి నిలబడి.

"దిగ. ఇంటిదాక నేను నడువ. పోనియ్యి."

"పిచ్చి లేసిందా నీకు?"

"లేసింది. పోనియ్యి."

చాలాసేపు కింది నుంచి నన్ను చూశాడు. తర్వాత క్యాబిన్‌లోకి ఎక్కాడు. లారీ గట్టు ఎక్కింది. వంతెన చెక్కల చప్పుడు కింది నుంచి ఒంట్లోకి ఎక్కింది. నేను మోకు రెండు చేతుల్తో పట్టుకొని కళ్లు మూసుకున్నాను. దిగడం మొదలైంది, ఎడమకు తిరిగింది, మోపు కుడికి ఒరిగింది. ఒరిగింది, నేను ఒరిగాను, మడి వైపు గాలి ముఖానికి కొట్టింది. ఇంకోసారి ఒరుగుతుందని కాచుకొని ఉన్నాను. అది తిరిగి రాలేదు. లారీ లేచి నిలబడ్డ మనిషిలా తిన్నగా అయి, నేల మీదికి దిగి, అలాగే పోయింది. కళ్లు తెరిచేసరికి కూలీల గుడిసెలు పక్కనే ఉన్నాయి.

ఇంటి ముందు ఆపాడు. దిగి వచ్చి, మోపు పక్కన నిలబడి, నన్ను దించడానికి రెండు చేతులూ పైకి చాపాడు. మోకు పట్టుకొని కిందికి జారి ఆయన చేతులు పట్టుకున్నాను. పట్టుకోగానే ఇద్దరికీ తెలిసింది, చేతులు వణుకుతున్నాయి. గట్టిగా వణుకుతున్నాయి. నాలుగు చేతులు ఒక్క ముద్దగా ఉన్నాయి, అవి ఎవరివో తెలియడం లేదు.

ఆయన నా కళ్లలోకి చూసి, అత్తకు వినబడకుండా అడిగాడు.

"నాయేనా?"

"కాదు, నాయి" అన్నాను. వణుకు ఆగేదాకా ఆ చేతులు వదల్లేదు.